బల్ల దగ్గర, గోతి దగ్గర మా చోటు: సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బాప్తిస్టు సంఘాల కాపరులకు, డీకన్లకు, కార్యదర్శులకు వందనాలు.

ఈ ఉత్తరం రాస్తున్నవాళ్ళం మీకు పరాయివాళ్ళం కాదు. ప్రభు బల్ల గుడ్డ ఉతికి ఇస్త్రీ చేసినవాళ్ళం, ద్రాక్షలు ఉడకబెట్టినవాళ్ళం, బరియల్‌లో పాట ఎత్తినవాళ్ళం, గోతి దగ్గర తాళ్ళు పట్టినవాళ్ళం, సభ్యుల రిజిస్టరు రాసినవాళ్ళం. మాలో కొందరికి దేవుడి మీదే నమ్మకం పోయింది. కొందరికి దేవుడి మీద ఉంది గానీ సంఘం మీద పోయింది. ఎందుకు పోయిందో ఇక్కడ రాయం. రాస్తే మీరు దానికి జవాబు చెప్పడంలో పడతారు, మేం అడగదలచుకున్నది అడగకుండానే ఉత్తరం అయిపోతుంది.

అడగదలచుకున్నది ఇది. నమ్మకం పోయిన ఇంట్లోనూ పిల్లలు పుడతారు, పెళ్ళిళ్ళు జరుగుతాయి, ముసలివాళ్ళు పోతారు. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడ నిలబడాలో, తర్వాత ఏం చేయాలో నలుగురికీ తెలిసిన ఒక వరస కావాలి. ఇంటి పెద్ద పోయిన పూట ఆ వరసను కొత్తగా కనిపెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు. నమ్మకం పోయాక సంస్కారానికి మిగిలే అర్థం మాకు అదే, అది చిన్నదేమీ కాదు. ప్రతి సంస్కారంలోనూ నోటితో ఒప్పుకునే భాగం ఒకటుంటుంది, చేతులతో చేసే భాగం ఒకటుంటుంది. ఒప్పుకోలు నమ్మినవాళ్ళది, దాన్ని మాచేత ఉత్తుత్తిగా పలికించకండి. చేతిపని ఊరందరిదీ, దానికి మమ్మల్ని దూరం పెట్టకండి. పైపైన చెబితే ఈ మాటకి అందరం సరేనంటాం. పళ్ళెం చేతికొచ్చేసరికి గొడవ మొదలవుతుంది. అందుకే ఒక్కో సంస్కారం దగ్గర గీత ఎక్కడ పడుతుందో వివరంగా రాస్తున్నాం.

ముందు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు జ్ఞాపకార్థం రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. నమ్మకం పోయినవాడికి మొదట ఇబ్బంది వచ్చేది అక్కడే. పాటకి పెదవులు కదిపి ఊరుకోవచ్చు, ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఇంటి సంగతులు ఆలోచించుకోవచ్చు. పళ్ళెం మాత్రం నేరుగా చేతికే వస్తుంది. వరస చివర నిలబడిన డీకను అందిస్తాడు, అది చేతులు మారుతూ వస్తుంది, ముక్క తీసుకోకుండా పక్కవాళ్ళకి అందిస్తే వెనక వరసలో ఇద్దరి కంటైనా పడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి పేటంతా తెలుస్తుంది. బల్ల తీసుకోలేదంటే మన ఊళ్ళలో అనుకునేవి మూడే: తాగుడు, అప్పు ఎగ్గొట్టడం, ఆడ మగ గొడవ. నమ్మకం లేక తీసుకోలేదన్న ఆలోచన ఎవరికీ తట్టదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మీరు ప్రతి నెలా చదువుతారు. ఎవరిని వారు పరీక్షించుకోవాలని, అయోగ్యంగా తినకూడదని అందులోనే ఉంది. పరీక్షించుకుని నిజాయతీగా వద్దనుకున్నవాడు పరువు పోకుండా ఊరుకునే దారి మాత్రం గుడిలో లేదు. ఫలితంగా పళ్ళెంలోంచి ముక్క తీసుకునేవాళ్ళలో కొందరు ఏ నమ్మకమూ లేకుండా, పక్కింటావిడ కోసం తీసుకుంటున్నారు. ఇది మాకంటే మీకే ఎక్కువ బాధ కలిగించాల్సిన విషయం.

దీనికి ఖర్చు లేని మార్గం ఉంది. పళ్ళేలు లేపే ముందు కాపరి అయ్యగారు ఒక్క మాట చెప్పాలి: 'ఈ రోజు తీసుకోనివారు పళ్ళెం పక్కవారికి అందించండి, కారణం ఎవరూ అడగకండి.' ఒక నెల చెప్పి మానేస్తే అది ఎవరినో ఉద్దేశించి అన్నట్టు ఉంటుంది. ప్రతి నెలా అదే మాట, అదే గొంతుతో, ప్రకటనలు చదివినట్టు చదవాలి. డీకన్లు వరస చివరన ఆగి ఎవరు తీసుకున్నారో చూడటం మానాలి. కొన్ని సంఘాల్లో అందరినీ ముందుకు రమ్మని బల్ల దగ్గర ఇస్తున్నారు. చూడటానికి బాగుంటుంది గానీ మాకు అది ఇంకా కష్టం, వరసంతా లేచి వెళ్ళినప్పుడు కూర్చుండిపోయినవాడు గుడి మొత్తానికీ కనిపిస్తాడు. ప్రసంగం అయ్యాక ఆశీర్వాదం ఇచ్చి, వెళ్ళేవాళ్ళు వెళ్ళాక బల్ల ఆరాధన వేరుగా మొదలుపెట్టే పద్ధతి అన్నిటికంటే మేలు. వంట పని ఉన్న ఆడవాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ అప్పుడే లేస్తారు. వాళ్ళతోపాటు మేమూ లేస్తాం, ఎవరికీ ఏమీ తెలియదు.

బల్ల సిద్ధం చేయడం వేరే సంగతి. దానికి కావలసింది శుభ్రం, సమయం. కేజీ నల్ల ద్రాక్షకి వడకట్టాక సుమారు 600 మిల్లీలీటర్ల రసం దిగుతుంది. చిన్న కప్పుకి 10 నుంచి 12 మిల్లీలీటర్లు పోస్తే 50 మందికి సరిపోతుంది. 200 మంది బల్ల తీసుకునే సంఘానికి 4 కేజీలు కావాలి, ఒలికేది, కుళ్ళు తీసేసేది కలుపుకొని 5 కొనాలి. కాడలు తీసి, రెండు నీళ్ళు కడిగి, స్టీలు గిన్నెలో మెదిపి, పొంగొచ్చాక సన్నసెగ మీద 10 నిమిషాలు ఉంచి, పల్చటి గుడ్డలో వేసి దానంతట అది దిగనివ్వాలి. గట్టిగా పిండితే గింజల వగరంతా రసంలోకి వస్తుంది. ఉడకబెట్టడం ఎందుకంటే, పండు తొక్క మీద ఈస్టు ఉంటుంది. శనివారం పొద్దున్న తీసిన పచ్చి రసం మే నెల ఉక్కకి ఆదివారానికల్లా పులిసి మూత తీయగానే బుస్సుమంటుంది. తాగుడు మానేసి గుడికి వస్తున్నవాడికి ఆ వాసన చాలు, మళ్ళీ మొదటికొస్తాడు. ద్రాక్ష దొరకని నెలల్లో పావు కేజీ నల్ల ఎండుద్రాక్ష లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఉడికించి వడకట్టండి. రంగు షర్బత్తు సీసా విప్పి నీళ్ళు కలిపి పోయడం మాత్రం, నమ్మకం లేని మాకే చిన్నతనంగా ఉంటుంది.

ఈ పని చేసే ఆవిడకు నమ్మకం లేదని తెలిసిందని ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కోకండి. రొట్టె, రసం జ్ఞాపకార్థమేనని, అవి మరొకటిగా మారవని మీరే బోధిస్తారు. అలాంటప్పుడు వండిన చేతి నమ్మకం రసంలోకి దిగదు కదా.

ఇక బాప్తిస్మం. 1870లలో మొదలుపెట్టి కెనడా మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి ప్రాంతాల్లో చెప్పుకుంటూ వచ్చిన ముఖ్యమైన బోధ ఏమిటి? పసిబిడ్డకు ఇవ్వకూడదు, ఎదిగిన మనిషి తన నోటితో తానే ఒప్పుకుని నీళ్ళలోకి దిగాలి. ఆ బోధ మీద కట్టిన సంఘాల్లోనే ఇప్పుడు పెళ్ళి బాప్తిస్మాలు నడుస్తున్నాయి. ముహూర్తం ఖాయమయ్యాక, శుభలేఖలు పంచాక, పెళ్ళికొడుకునో పెళ్ళికూతురినో పెళ్ళికి వారం ముందు తొట్టిలో ముంచి, సర్టిఫికెట్టు రాసి ఇస్తున్నారు. వాళ్ళు 'నమ్ముచున్నాను' అంటారు. అనక ఏం చేస్తారు, బయట టెంటు వేసేశారు. నమ్మకం లేకుండా ఒప్పుకున్న ఆ మాట వాళ్ళను జీవితాంతం గుడికి దగ్గర చేస్తుందని మీరు అనుకుంటే, మాలో కొందరు ఎలా తయారయ్యారో చూడండి.

'చట్టం ఒప్పుకోదు, బాప్తిస్మం కావాల్సిందే' అని మాత్రం చెప్పకండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 4వ సెక్షను ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. బాప్తిస్మం అడిగేది మీ సంఘ నియమం, అది పెట్టుకునే హక్కు మీకుంది, చట్టం మీదికి నెట్టడం న్యాయం కాదు. అదే చట్టంలో మీరు పట్టించుకోనివి రెండున్నాయి. 10వ సెక్షను ప్రకారం పెళ్ళి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. ఊరేగింపు ఆలస్యమై రాత్రి 8కి తాళి కట్టిన పెళ్ళిళ్ళు మనకందరికీ తెలుసు. రెండోది, అధికారం లేనివాళ్ళు ఈ చట్టం కింద పెళ్ళి జరిపితే 68వ సెక్షను కింద పదేళ్ళదాకా శిక్ష పడొచ్చు. కుటుంబాలు హాలు బుక్ చేసే ముందు అయ్యగారి లైసెన్సు కాగితం చూపించమని అడగాలి, వాళ్ళు అడగకముందే మీరే చూపించాలి. లేకపోతే పాస్‌పోర్టు, వీసా దగ్గర ఆ పెళ్ళి సర్టిఫికెట్టుకు తంటాలు వస్తాయి.

నమ్మకం లేని జంటకి ఇంకో దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఉన్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు అభ్యంతరాలకు ఆగాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలు. పెళ్ళిరోజున ముగ్గురు సాక్షులు కావాలి, అక్కడ అనాల్సింది 'చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నాను' అన్న అర్థం వచ్చే మాట ఒక్కటే. ఇలా చేసుకుంటే ఆస్తి వారసత్వం మారిపోతుందని క్రైస్తవ కుటుంబాలు భయపడక్కర్లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టమే అక్కడా వర్తిస్తుంది, ఇక్కడా వర్తిస్తుంది. మేం అడిగేదల్లా, ఇలా రిజిస్టరు చేసుకుని వచ్చిన జంటకి అమ్మానాన్నల కోసం గుడిలో ఒక ప్రార్థన, రెండు పాటలు పెట్టడానికి అభ్యంతరం చెప్పొద్దని. ప్రమాణాలు అయిపోయాయి, మళ్ళీ చేయించొద్దు. మీరు దీవించండి, వాళ్ళు తల వంచుకుంటారు.

ముంచే పద్ధతి మీద కూడా ఒక మాట చెప్పాలి. ఒడ్డున నిలబడి చూసేవాళ్ళలో మేమూ ఉంటాం, ప్రాణం ఎవరిదైనా ఒకటే. తొట్టిలో మైకు వైరు నీళ్ళకి దగ్గర పెట్టకండి, తడి చేత్తో మైకు పట్టుకోకండి, షాకు కొడితే నీళ్ళలో ఉన్న ఇద్దరి ప్రాణాలూ పోవచ్చు. నదిలో అయితే నీళ్ళు నడుము దాటి ఉండాలి, రొమ్ము దాటకూడదు. దిగే మనిషి ముఖం ప్రవాహం పోయే వైపు ఉండేటట్టు నిలబెట్టి, వెనక్కి, అంటే ఎగువ వైపుకి వంచాలి. అప్పుడు ముక్కులోకి నీళ్ళు ఎదురెక్కవు, పైకి లేపేటప్పుడు ప్రవాహమే వీపు తోస్తుంది. నాగావళి, వంశధారల్లో ఇసుక తవ్విన గోతులు నీళ్ళ కింద కనబడవు. కిందటేడు మోకాళ్ళ లోతు ఉన్నచోట ఈ ఏడు మనిషి నిలువు ఉండొచ్చు. పొద్దున్నే ఈత వచ్చిన ఇద్దరు కర్రతో ఆ చోటంతా పొడిచి చూసి, నాలుగు మూలలా గుర్తు కర్రలు పాతాలి. చీర తేలి కాళ్ళకి చుట్టుకోకుండా లోపల చుడీదారు వేయించి, కుచ్చిళ్ళకి పిన్నులు పెట్టించాలి.

పిల్లల ప్రతిష్ఠ, అంటే పసిబిడ్డను గుడిలో దేవుడికి అప్పగించి ప్రార్థించడం, దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తల్లిదండ్రుల్ని మీరు అడిగే ప్రశ్నల్లో కొన్ని నమ్మకం గురించి, కొన్ని పెంపకం గురించి. నమ్మిన తల్లి మొదటివాటికి జవాబు చెబుతుంది, నమ్మని తండ్రి రెండోవాటికి. ఇద్దరినీ ఒకే గొంతుతో అన్నిటికీ అవుననిపించక్కర్లేదు. పుట్టుక రిజిస్ట్రేషను పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో 21 రోజుల్లో చేయించాలని మాత్రం ఆ రోజే గట్టిగా చెప్పండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీకి, చోటుకి జనన ధ్రువపత్రమే ఆధారం. గుడి ఇచ్చే ప్రతిష్ఠ కార్డు దేనికీ పనికిరాదు.

సభ్యుల రిజిస్టరు విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ తర్వాత చెప్పబోయే గోతికి దారి అక్కడినుంచే పడుతుంది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకి బాప్తిస్మం చెరగని ముద్ర, నమ్మకం పోయినా పోదు. వాళ్ళ వివాహ చట్టంలో 'అధికారికంగా సంఘాన్ని వదిలినవాళ్ళు' అన్న మినహాయింపు ఒకటి ఉండేది, దాన్ని కూడా 2009లో పోపు తీసేశారు. మన పద్ధతి అది కాదు. సభ్యత్వం ఇష్టపూర్వకం, పేరు ఎక్కినట్టే దిగుతుంది. అయితే చాలా సంఘాల్లో పేరు దిగడానికి కాలమ్‌లో రాసేవి మూడే: చనిపోయారు, బదిలీ పత్రం తీసుకున్నారు, వెలివేశాం. తానే ఉత్తరం రాసి తప్పుకున్నవాడి పేరు ఎదురుగా కూడా కార్యదర్శి చేయి అలవాటుకొద్దీ మూడోది రాస్తుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ మనిషి పోయినప్పుడు కొత్త కార్యదర్శి రిజిస్టరు తీస్తాడు, ఆ మాట చూస్తాడు, ఇంటివాళ్ళని గుడిమెట్ల మీద నిలబెడతాడు. 'స్వయంగా విరమించుకున్నారు' అని నాలుగో మాట పెట్టండి. పక్కన తేదీ, ఉత్తరం నకలు జతచేయండి.

ఇక్కడ ఒక అనుమానం తీర్చాలి. 'కుల సర్టిఫికెట్టు కోసమే గుడి వదిలేస్తున్నారు' అని అనేవాళ్ళు మీలో ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా. ఎస్సీ కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు ఈ రాష్ట్రంలో బీసీ-సీ. రిజిస్టర్లో పేరు కొట్టేసినంత మాత్రాన ఎవరూ మళ్ళీ ఎస్సీ అయిపోరు, దానికి వేరే రుజువులు అడుగుతారు. ఈ లెక్క మీకూ తెలుసు. కాబట్టి ఆ మాట ఇక ఆపేస్తే బాగుంటుంది.

ఆస్పత్రి మంచం దగ్గర మీరు చేసే పని గురించి మర్యాదగానే చెబుతాం. రోగి స్పృహలో ఉంటే, చుట్టాలను బయటికి పంపి, 'ప్రార్థన చేయమంటారా' అని రోగినే అడగండి. వద్దంటే మంచం పక్కన కాసేపు కూర్చుని రండి, అది కూడా పరామర్శే. ఆక్సిజను పెట్టుకుని మాట రాని మనిషి చేయి పట్టుకుని 'ఒప్పుకుంటే నా చేయి నొక్కు' అనడం, ఆ మర్నాడు గుడిలో సాక్ష్యంగా చెప్పడం మాత్రం మానేయండి. ఆ స్థితిలో చేయి నొక్కడానికి నొప్పి ఒక్కటే చాలు.

ఇక చావు. అందరికంటే మాకు మీరు ఎక్కువ అవసరమయ్యేది ఇక్కడే, మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేదీ ఇక్కడే.

ఊపిరి ఆగాక రెండు నుంచి నాలుగు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది. ముందు రెప్పలు, దవడ, తర్వాత మెడ, చేతులు. ఎండాకాలంలో ఇంకా తొందరగా. అందుకే అయ్యగారి కోసం ఎదురుచూస్తూ మొదటి గంట పోగొట్టుకోకూడదు. రెప్పలు మూసి, గడ్డం కింద నుంచి నెత్తి మీదికి మెత్తటి గుడ్డ కట్టి, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టి, చేతులు సరిచేసి, స్నానం చేయించి బట్టలు తొడగాలి. కళ్ళు దానం చేసేట్టయితే 6 గంటల్లోపు తీయాలి. ఫ్యాను ఆపి, రెప్పల మీద తడి దూది వేసి, తల కింద ఎత్తు పెట్టి కంటి బ్యాంకుకి ఫోను చేయాలి. ఇదంతా చేతిపని. ఇంట్లో నమ్మకం లేని కొడుకు ఉంటే తండ్రికి స్నానం చేయించడం వాడి హక్కు, డీకన్లు వచ్చి పక్కకి తప్పించకూడదు.

గోతి దగ్గర జరిగే తప్పులన్నీ ముందే తెలిసినవి. పెట్టె కొలత తీయకుండా గొయ్యి తవ్వించడం మొదటిది. పెట్టె వెడల్పు 2 అడుగులైనా, పిడులు కలిపితే ఇంకో మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. తవ్వేవాళ్ళు కిందికి వెళ్ళేకొద్దీ తెలియకుండానే గోడలు లోపలికి తెస్తారు, పైన 3 అడుగులున్నది అడుగున 2 అడుగులే మిగులుతుంది. పెట్టె సగంలో ఇరుక్కుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు పెట్టె మీద కాలుపెట్టి తొక్కుతారు. కూతురు చూస్తుండగా అది జరగడం ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు. పెట్టె పొడవు, వెడల్పులకి ఒక్కో జానెడు కలిపి రెండు కర్రలు కోసి, అడుగున పెట్టి చూశాకే తవ్వేవాణ్ణి పైకి రమ్మనాలి. పొడవు 7, వెడల్పు 3, లోతు 5 అడుగులు మామూలుగా చాలు. కవిటి, సోంపేట, కళింగపట్నం, భోగాపురం వైపు ఇసుక నేలల్లో గట్టు విరిగి లోపల పడుతుంది. అక్కడ ఇంకో అడుగు వెడల్పు తవ్వి, అంచుల్లో చెక్కలు వేసి, జనాన్ని మూడడుగులు వెనక్కి ఉంచాలి. మట్టి కుప్ప ఒక వైపే పోస్తే రెండో వైపు ఇంటివాళ్ళు నిలబడతారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పటిలాంటి అక్టోబరు వానల్లో గోతిలో నీళ్ళు ఊరితే, తోడి అడుగున ఇసుక పరచండి, లోతు తగ్గించి పైన దిబ్బ పెంచండి. నీళ్ళమీద దించితే పెట్టె తేలి పక్కకి ఒరుగుతుంది.

తాళ్ళు మూడు కావాలి: తల దగ్గర, నడుము దగ్గర, కాళ్ళ దగ్గర. కొబ్బరి తాడో నూలు తాడో బొటనవేలి లావున ఉండాలి. నైలాను తాడు చెమట చేతుల్లో జారిపోతుంది. తాడు ఎవరూ చేతికి చుట్టుకోకూడదు, పెట్టె ఒక్కసారి కుంగితే చుట్టుకున్నవాడు గోతిలోకి పోతాడు. గోతి మూతి మీద అడ్డంగా రెండు వాసాలు వేసి పెట్టె వాటి మీద ఆనించి, తాళ్ళు బిగిశాక వాసాలు లాగాలి. ఒక్క మనిషే లెక్క చెప్పాలి, ఆరుగురూ ఆ గొంతుకే వదలాలి. ఆ ఆరుగురిలో ఎవరికి నమ్మకం ఉందో పెట్టెకి తెలియదు.

తల పడమరకి, కాళ్ళు తూర్పుకి పెడతారు, చనిపోయినవాళ్ళు తిరిగి లేచే రోజున తూర్పు చూస్తూ లేవాలని. మాకు ఆ రోజు మీద నమ్మకం లేదు, అయినా అలాగే పెట్టండి. వరసలో పడుకున్న మిగతావాళ్ళకి అడ్డంగా పడుకోవాలని మాకు లేదు. తర్వాత మీరు చదివే వాక్యంలో మా గీత సరిగ్గా మధ్యలో పడుతుంది. 'మన్ను మంటికి, బూడిద బూడిదకు, ధూళి ధూళికి' వరకు మేమూ మనసారా అనగలం, ఆదికాండం మూడో అధ్యాయంలో మనిషిని మన్నే అన్న మాటతో మాకు పేచీ లేదు. 'పునరుత్థానమను నిశ్చయమైన నిరీక్షణతో' అన్న దగ్గర ఆగిపోతాం. ఆగిపోయినవాడి వైపు చూడకండి. మూడు పిడికిళ్ళ మన్ను వేయడానికి మాత్రం మమ్మల్ని పిలవండి. పాట మీరు ఎత్తమంటే ఎత్తుతాం. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మాకు కంఠతా వచ్చు, నమ్మకం పోయినా రాగం పోలేదు. వాయిద్యం లేని చోట శ్రుతి పట్టుకునే గొంతు ఎవరిదైనా అక్కరకొస్తుంది.

ప్రసంగం పది నిమిషాలు చాలు. పెట్టె ఎండలో ఉంటుంది, ముసలివాళ్ళు నిలబడి ఉంటారు. 'ఈ కుటుంబంలో ఇంకా రక్షణ లేనివారున్నారు' అని పెట్టె పక్కన నిలబడి చెయ్యెత్తమని పిలవకండి. ఆ సమయంలో చెయ్యెత్తిన మనిషి ఏడుపుతో ఎత్తుతాడు, నెల తిరిగేసరికి మిమ్మల్ని చూసి తప్పుకుని తిరుగుతాడు.

అన్నిటికంటే కటువుగా చెప్పాల్సింది చందా బకాయి. శవం ఇంట్లో ఉండగా రిజిస్టరు తెచ్చి, పాత సంవత్సరాల చందా కడితేగాని గంట కొట్టం, బరియల్ గ్రౌండులో చోటివ్వం అనే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఆ పూట ఎవరైనా కడతారు, చెవి కమ్మలు తాకట్టు పెట్టి కడతారు. ఇంట్లో మిగిలిన పిల్లలు ఆ రోజుతో గుడికి దూరమవుతారు. మాలాంటివాళ్ళు పెరగడానికి పుస్తకాలు కారణమని మీరు అనుకుంటారు, ఈ రిజిస్టరు పుస్తకమే ఎక్కువ పని చేస్తోంది. చోటు లేదంటే ఏమవుతుందో 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ కేసులో దేశమంతా చూసింది. పాస్టరుగా పనిచేసిన ఒక పెద్దాయనను సొంతూళ్ళో పూడ్చనివ్వకపోతే కొడుకు సుప్రీంకోర్టుదాకా వెళ్ళాడు. శవం మార్చురీలోనే వారాల తరబడి ఉంది. ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు రాసి, చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానానికి పంపారు. బయటివాళ్ళు అలా చేస్తే మనం అన్యాయమంటాం. అదే గేటుకి మనమే తాళం వేస్తే దాన్నేమనాలి?

మరణం కూడా 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయించాలి, దానికి గుడి ఉత్తరం అక్కర్లేదు. సమాధి కట్టే తొందర కూడా తగ్గించండి. నలభయ్యో రోజుకల్లా మార్బుల్ అతికించాలని మేస్త్రీని తరుముతారు. వదులు మట్టి ఒక వానాకాలం తడిస్తేగాని కుదురుకోదు, లోపల పెట్టె మూత కుంగుతుంది, పైన వేసిన సిమెంటు పలక నెర్రె విచ్చి ఒక పక్కకి దిగుతుంది. మట్టి దిబ్బ మీద చెక్క శిలువో, పేరు రాసిన పలకో పాతి, ఒక వానాకాలం గడిచాక కట్టండి. శిలువ వద్దని రాసిపెట్టిన మనిషికి పేరు, రెండు తేదీలు చాలు.

శరీరం వైద్య కళాశాలకి ఇవ్వాలనుకునేవాళ్ళు మాలో ఉన్నారు. పోయిన మనిషి ఫారం రాసి ఉన్నా, ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే కాలేజీవాళ్ళు తీసుకోరు. పోలీసు కేసు ఉన్నా, పోస్టుమార్టం జరిగినా, కొన్ని అంటురోగాలున్నా తీసుకోరు. అలాంటప్పుడు మళ్ళీ గోతి కావాల్సిందే. కాబట్టి 'ఈయన శరీరం ఇచ్చేస్తానన్నాడు కదా' అని ముందే చోటు కాదనకండి. శరీరం వెళ్ళిపోయిన ఇంట్లో, పెట్టె లేకపోయినా, ఒక జ్ఞాపకార్థ కూడిక పెట్టమని అడిగితే రండి.

మీ తర్వాతి కమిటీ మీటింగులో ఈ నాలుగు ఎజెండాలో పెట్టమని కోరుతున్నాం: బల్లకి ముందు చదివే ఆ ఒక్క వాక్యం, రిజిస్టర్లో నాలుగో మాట, పెళ్ళి బాప్తిస్మాల ఆపుదల, చందాకీ గోతికీ లంకె తెంచడం. మొదటి రెండూ ఆ రోజే తేలిపోతాయి. మూడోదానికి కనీసం ఆరు నెలల ముందు కుటుంబాలకి చెప్పాలి. నాలుగోదానికి తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, బరియల్ గ్రౌండు గేటు మీద అంటించాలి, ఎందుకంటే తాళంచెవి ఉండేది కాపలా మనిషి దగ్గర, మీటింగులో ఏమన్నారో ఆయనకి తెలియదు. మీరు తీర్మానం చేస్తే, గోతి కొలతల కర్రలు, మూడు కొబ్బరి తాళ్ళు, రెండు వాసాలు ప్రతి సంఘానికీ ఒక జత మేం కొని ఇస్తాం. బల్ల ద్రాక్షల పని ఎప్పటిలాగే చేస్తాం.

ఇట్లు,
మీ సంఘాల రిజిస్టర్లలో పేర్లు ఉన్నవాళ్ళం, కొట్టేయించుకున్నవాళ్ళం